స్వర్ణ చతుర్భుజి 5,846 కి.మీ. సైకిల్ మీద: ఏ భాగం ఎక్కడ మార్చాలి, ఏది మోసుకెళ్ళాలి?

బెజవాడ పెడల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నవంబర్ రెండో వారంలో విజయవాడలో మొదలై చెన్నై, బెంగళూరు, పుణె, ముంబై, జైపూర్, ఢిల్లీ, కాన్పూర్, కోల్‌కతా, భువనేశ్వర్, వైజాగ్ మీదుగా మళ్ళీ విజయవాడ చేరాలని, అంటే ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి హైవేను చుట్టి రావాలని ప్లాన్. మొత్తం 5,846 కి.మీ., రోజుకు సుమారు 245 చొప్పున 24 రోజులు. వెనకాల బండి లేదు, సామానంతా సైకిల్ మీదే.

సైకిల్: అల్యూమినియం ఎండ్యూరెన్స్ రోడ్ బైక్, షిమానో 105 2×11 (ముందు రెండు, వెనక పదకొండు) కేబుల్ గేర్లు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 28 స్పోకుల చక్రాలు, 700×28 టైర్లు. ఫ్రేములో 32 దాకా పడతాయి. నా బరువు 74 కిలోలు, సామాను 9 కిలోలు. చైన్, క్యాసెట్ (వెనక చక్రం మీది గేరు పళ్ళ చక్రాల గుత్తి) రెండూ మొదటి నుంచీ అవే, 4,500 కి.మీ. తిరిగాయి. వెనక టైరు 3,000 తిరిగింది.

అడగాలనుకున్నవి ఇవి. బయల్దేరే ముందే ఏవి మార్చెయ్యాలి? దారిలో ఏవి, ఎక్కడ మార్చాలి? హైవే పక్క ఊళ్ళ సైకిల్ షాపుల్లో నిజంగా ఏం దొరుకుతాయి? ట్యూబ్‌లెస్‌కి మారడం మంచిదేనా?


స్పోక్‌కీ

లెక్క ముందు వేసుకుందాం. విజయవాడ నుంచి చెన్నై సుమారు 450, చెన్నై–ముంబై 1,290, ముంబై–ఢిల్లీ 1,419. ఢిల్లీ చేరేసరికి 3,160 దగ్గర ఉంటారు. అక్కణ్ణుంచి కోల్‌కతా 1,453, కోల్‌కతా నుంచి ఇంటికి ఇంకో 1,230. సగం దాటాక వచ్చే పెద్ద ఊరు ఢిల్లీ కాబట్టి మార్పిళ్ళన్నీ అక్కడే పెట్టుకోండి. "అరిగితే చూద్దాం" అని వదిలేస్తే ఆ అరుగుదల ఏ ఫతేపూర్ దగ్గరో రాత్రి ఎనిమిదింటికి బయటపడుతుంది. అరిగినా అరగకపోయినా ఢిల్లీలో కొత్త చైన్ వేసెయ్యండి. చైన్, దాని కొసలు కలిపే రెండు క్విక్ లింకులు, వెనక టైరు, రెండు చక్రాలకూ బ్రేక్ ప్యాడ్లు, ఒక గేర్ కేబుల్, చైన్ ఆయిల్ అన్నీ ఒక డబ్బాలో పెట్టి, దిగబోయే హోటల్‌కి ఫోన్‌లో చెప్పి, బయల్దేరే ముందే కొరియర్ చెయ్యండి. డబ్బా మీద మీ పేరుతో పాటు మీరు చేరే తేదీ కూడా రాయండి.

ఇక చైన్. చైన్ సాగుతుందని అంటాం గానీ లోహం సాగదు. పిన్నూ, దాని చుట్టూ తిరిగే లోపలి ప్లేటు అంచూ ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది, అలాంటివి నూటపది కలిస్తే చైన్ పొడవు పెరుగుతుంది. అరగదీసేది నూనెలో కలిసిన ఇసుక. అది సానరాయిలా పనిచేస్తుంది. పొడి రోడ్డు మీద శుభ్రంగా ఉంచిన 11 స్పీడ్ చైన్ 4,000–5,000 కి.మీ. వస్తుంది. వానలో ఇసుక నీళ్ళు తాగుతూ తిరిగితే అదే చైన్ 2,000కే అయిపోవచ్చు. మీరు బయల్దేరేది నవంబర్. ఒంగోలు దాటినప్పటి నుంచి చెన్నై దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడే కాలం. అంటే మొదటి రెండు రోజుల్లోనే చైన్‌కి కష్టకాలం. అక్కడ చూపే శ్రద్ధ మీదే ఢిల్లీ దాకా దాని బతుకు ఆధారపడి ఉంటుంది.

కొలవడానికి ఒక స్టీలు స్కేలు చాలు. పెడల్‌ను కాస్త నొక్కి చైన్‌ను బిగుతుగా ఉంచి, ఒక పిన్ను నడుమ నుంచి 24 లింకుల అవతలి పిన్ను నడుమకు కొలవండి. కొత్త చైన్‌లో అది సరిగ్గా 12 అంగుళాలు, 304.8 మి.మీ. 306.3 వచ్చిందంటే 0.5 శాతం అరిగినట్టు. 11 స్పీడ్‌కు అదే హద్దు. 307 దాటిందంటే 0.75 శాతం, ఈపాటికి అది క్యాసెట్ పళ్ళను కూడా తినేస్తూ ఉంటుంది. రెండు మొనలతో పొడిచి చూసే చవక గేజీలు రోలర్ల వదులును కూడా కలిపి ఎక్కువ చూపిస్తాయి. స్కేలు పిన్నుల దూరాన్నే కొలుస్తుంది కాబట్టి నేను స్కేలునే నమ్ముతాను.

రోజూ రాత్రి చెయ్యాల్సింది పది నిమిషాల పని. పాత బనీను గుడ్డతో చైన్‌ను పట్టుకుని పెడల్ వెనక్కి ముప్పై చుట్లు తిప్పండి. రోలర్‌కు ఒక్క చుక్క చొప్పున ఆయిల్ వేసి, ఇంకో ముప్పై చుట్లు తిప్పి, పైన మిగిలినదంతా తుడిచెయ్యండి. పైకి కనిపించే నూనె వల్ల ఏ ఉపయోగమూ లేదు, దుమ్మును పిలుస్తుంది, అంతే. వానలో తడిసిన రోజు పొద్దుటి దాకా ఆగొద్దు, రూముకు చేరగానే తుడిచి ఆయిల్ వెయ్యండి. ఆయిల్ బదులు డ్రిప్ వ్యాక్స్ (చుక్కలుగా వేసే మైనం) వాడేవాళ్ళు రాత్రే వెయ్యాలి, ఆరడానికి గంటలు పడుతుంది. మరిగించే వ్యాక్స్ ఇంట్లో చాలా బాగా పనిచేస్తుంది గానీ ఇలాంటి దారిలో కుదరదు.

సర్వీస్ స్టేషన్లలో లారీలు కడిగే ప్రెషర్ నీళ్ళ కింద మాత్రం సైకిల్ పెట్టకండి. ఆ ధార హబ్ సీళ్ళు దాటి బేరింగుల్లోకి పోతుంది. ఒక మగ్గు నీళ్ళు, గుడ్డ చాలు.


వైజాగ్ బ్రెవే

తమ్ముడూ, చైన్ గురించి పైన చెప్పింది అక్షరాలా నిజం. టైర్ల దగ్గర మాత్రం కాస్త తేడాగా చెప్తాను. ఢిల్లీ డబ్బాలో ఒక టైరు పెట్టినా, ఇంకో మడత టైరు వెంటే ఉండాలి. 300 గ్రాములు బరువనుకోకు. పక్క గోడ కోసుకుపోతే లోపల ప్యాచ్ పెట్టి పెద్ద ఊరి దాకా రావచ్చు గానీ, ఆ పెద్ద ఊరు మరో 200 కి.మీ. దూరంలో ఉండొచ్చు.

ఎందుకు దొరకదో తెలుసుకుంటే ఏం మోయాలో నీకే అర్థమవుతుంది. మన ఊళ్ళలో తిరిగే మామూలు సైకిల్ టైరు 28×1½. అంకె చూసి 700×28 లాంటిదే అనుకుంటారు. దాని బీడ్ (రిమ్‌లో కూర్చునే టైరు అంచు) వ్యాసం 635 మి.మీ., నీ రిమ్ 622. 13 మి.మీ. తేడా, ఎంత లాగి కట్టినా నిలవదు. ట్యూబుదీ అదే కథ. మామూలు సైకిల్ ట్యూబు వాల్వు లావు సుమారు 8 మి.మీ., సన్న వాల్వు రిమ్‌లో రంధ్రం 6 మి.మీ. రంధ్రం పెద్దది చేస్తే రిమ్ బలం పోతుంది, ఆ పని ఎవ్వరినీ చెయ్యనివ్వకు. చైన్ కూడా అంతే, గేర్లు లేని సైకిల్‌ది 1/8 అంగుళం వెడల్పు, నీ గేరు పళ్ళ మధ్య దూరదు. జిల్లా కేంద్రాల్లో హైబ్రిడ్ సైకిళ్ళు అమ్మే షాపుల్లో 700×35 టైర్లూ ట్యూబులూ ఉండొచ్చు. ఆ టైరు నీ ఫ్రేములో పట్టదు, ట్యూబు మాత్రం సన్న వాల్వుదైతే 32 టైరులో సర్దుకుంటుంది. పెట్రోలు బంకు గాలి వాడుకోవాలంటే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండాలి.

వెనక టైరు 32 వేసుకో. నీ బరువూ సైకిలూ సామానూ కలిపి 94 కిలోల దగ్గర ఉంటుంది, అందులో సగానికి పైగా వెనక చక్రం మీదే. పైగా తొక్కే బలమంతా దాని గుండానే రోడ్డుకు దిగుతుంది. అందుకే వెనకది ముందుదానికి దాదాపు రెట్టింపు వేగంతో అరుగుతుంది. 32కి వెనక 65–70, ముందు 28 ఉంచితే 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి నీ ఒంటికి సరిపడేట్టు చూసుకో. 3,000 తిరిగిన టైరుతో బయల్దేరొద్దు. అలా అని కొత్త టైరును బయల్దేరే రోజునా ఎక్కించొద్దు. వారం ముందు వేసి 300–400 కి.మీ. తిప్పు, తయారీ లోపం ఏదైనా ఉంటే ఆ దూరంలోనే బయటపడుతుంది. టైరు పైభాగం గుండ్రం పోయి చదునయ్యిందన్నా, రబ్బరు కింద దారాలు కనిపిస్తున్నాయన్నా దాని పని అయిపోయినట్టే. కొన్ని టైర్ల మీద చిన్న గుంటలు ఉంటాయి, అవి చెరిగిపోతే మార్చే టైము వచ్చినట్టు. రెండు చక్రాలకూ ఒకే సైజు టైర్లుంటే, మధ్యలో కొత్త టైరు వేసేటప్పుడు కొత్తదాన్ని ముందుకు, ముందుదాన్ని వెనక్కి వెయ్యి. వెనక పంక్చర్ అయితే బండి ఊగుతుంది గానీ నిలబడుతుంది, ముందు టైరు పేలితే నేల మీదే. అరిగినది ఎప్పుడూ ముందు చక్రానికి పోకూడదు.

హైవే అంచున నీ అసలు శత్రువు ముళ్ళు కాదు, పేలిన లారీ టైర్ల ఉక్కు తీగలు. తల వెంట్రుకంత సన్నగా, సగం సెంటీమీటరు పొడవుంటాయి. ట్యూబుకు చిన్న చిల్లే పడుతుంది, గాలి మెల్లగా పోతుంది. ట్యూబు మార్చి తీగ తీయకపోతే పది కిలోమీటర్లలో మళ్ళీ అదే చోట చిల్లు. దీనికి మందు టైరు ఎక్కించే పద్ధతిలో ఉంది. టైరు మీది పేరును వాల్వు పక్కకే వచ్చేలా ఎప్పుడూ ఎక్కించు. ట్యూబులో చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూస్తే టైరులో తీగ ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. అక్కడ లోపలి వైపు దూది ముద్దతో రుద్దు, తీగ ఉంటే దూది తగులుకుంటుంది. వేలితో రుద్దితే వేలే చీరుతుంది. తీయడానికి సన్న పట్టకారు పెట్టుకో. చిల్లు ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్ వైపు ఉంటే రోడ్డును తిట్టొద్దు, రిమ్ టేపు జరిగి స్పోకు రంధ్రం అంచు కోస్తోందని అర్థం.

మూడు ట్యూబులు, పది ప్యాచ్‌లు, రెండు చిన్న సొల్యూషన్ ట్యూబులు. సొల్యూషన్ ఒకసారి మూత తీస్తే వారం పది రోజుల్లో లోపలే ఎండుతుంది, అందుకే రెండోదాని మూత తీయకుండా ఉంచాలి. కోతకు లోపలి నుంచి పెట్టడానికి పాత టైరు పక్క గోడ ముక్క రెండంగుళాలది కత్తిరించుకుని పెట్టుకో. లారీ పంక్చర్ షాపుల్లో వేడి ప్యాచ్ వేస్తామంటారు. అది లారీ ట్యూబు మందానికి చేసిన పద్ధతి, నీ పల్చటి ట్యూబుకు వద్దు.

ట్యూబ్‌లెస్ మంచిదే, కానీ దాని అలవాటు లేకుండా ఈ ప్రయాణంలో మొదలుపెట్టకు. టైరులో పోసే సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) ఎండకు ఆరిపోతుంది, మధ్యలో పోసుకోవాలి. పెద్ద కోత పడితే బీడ్ ఊడదీసి ఆ జిగురులోనే ట్యూబు వెయ్యాలి. ఇంటి దగ్గర పది సార్లు చేసినవాళ్ళకే అది రోడ్డు పక్కన సాధ్యం.


కేబుల్ ఎండ్

పై ఇద్దరూ వదిలేసినవి నేను చెప్తాను. మీ గేర్లు కేబుల్‌వి కాబట్టి మొదటగా చూడాల్సింది కుడి షిఫ్టర్ (గేరు మార్చే లివర్) లోపలి తీగ. హ్యాండిల్ టేపు కింద తీగ నడిచే 11 స్పీడ్ షిఫ్టర్లలో అది తల దగ్గర బాగా చిన్న మలుపు తిరుగుతుంది, వేల సార్లు వంగి అక్కడే పోగు పోగుగా తెగుతుంది. 4,000 కి.మీ. దాటిన తీగను నమ్మొద్దు. చిన్న పళ్ళ వైపు గేరు పడటం బద్ధకంగా ఉండటం, రోజు విడిచి రోజు అడ్జస్టర్ తిప్పాల్సి రావడం, ఇవి తెగబోతోందన్న గుర్తులు. ఈ దశలోనే మార్చాలి, ఎందుకంటే తెగాక తల ముక్క షిఫ్టర్ లోపల ఇరుక్కుంటే బయటికి తీయడం చాలా కష్టం. ఇంట్లోనే లోపలి తీగ, బయటి గొట్టం రెండూ మార్చి బయల్దేరండి. ఢిల్లీలో లోపలి తీగ మాత్రం మళ్ళీ మార్చండి. మధ్యలో తెగితే డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) చివరి చిన్న పళ్ళ చక్రం మీద పడిపోతుంది. అప్పుడు డిరైలర్ హద్దు చూసే హెచ్ స్క్రూను లోపలికి బిగిస్తూ పోతే ఒకటి రెండు పళ్ళ చక్రాలు పైకి వస్తుంది. ముందు రెండు రింగులతో కలిపి రెండు గేర్లు మిగులుతాయి, ఊరు చేరడానికి చాలు.

డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క): మీ ఫ్రేమ్ మోడల్‌దే ఒకటి కొని వెంట పెట్టుకోండి. సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది అదే, వంగాలనే మెత్తటి లోహంతో చేస్తారు. ప్రతి ఫ్రేముకూ ఆకారం వేరు, దారిలో దొరకదు. నా దృష్టిలో మీ సంచిలో అన్నిటికన్నా విలువైన 20 గ్రాములు ఇవే.

బ్రేకులు. ప్యాడ్ మీద రాపిడి పదార్థం 0.5 మి.మీ.కి వచ్చిందంటే మార్చాలి. ఆగితే ప్యాడ్ల మధ్య స్ప్రింగు డిస్కును గీకడం మొదలుపెడుతుంది. డిస్కు కొత్తగా 1.8 మి.మీ., 1.5కి వస్తే అదీ మార్చాల్సిందే. హైవే చాలావరకు చదునే గాని వానలో రెజిన్ ప్యాడ్లు ఆశ్చర్యపోయేంత త్వరగా కరుగుతాయి, తడి ఇసుకే కారణం. చెన్నై చేరాక ఒకసారి, లోనావలా–ఖండాలా ఘాట్ దిగి పన్వేల్ చేరాక ఇంకోసారి చక్రం ఊడదీసి చూడండి. మెటల్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, కానీ మీ డిస్కు మీద రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని రాసి ఉంటే వాడకూడదు.

మార్చే పద్ధతి: పాత ప్యాడ్లు లోపల ఉండగానే వాటి మధ్య టైర్ లివర్ పెట్టి పిస్టన్లను నెమ్మదిగా లోపలికి నెట్టండి. కొత్తవి వేశాక ఇరవై సార్లు వేగం నుంచి నిదానానికి బ్రేకు పట్టి వదలండి, పూర్తిగా ఆపొద్దు. చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు లివర్ నొక్కితే పిస్టన్లు దగ్గరికి వచ్చి చక్రం మళ్ళీ దూరదు, మడిచిన అట్టముక్క ఒకటి మధ్యలో పెట్టడం అలవాటు చేసుకోండి. లివర్ మెత్తబడిందని ఏ మోటారు సైకిల్ మెకానిక్ అయినా బ్రేక్ ఆయిల్ పోస్తానంటే ఒప్పుకోకండి. బండ్లలో ఉండేది డాట్ ద్రవం, షిమానోది మినరల్ ఆయిల్. ఒకదాని చోట ఇంకొకటి పోస్తే లోపలి సీళ్ళు ఉబ్బి బ్రేకు మొత్తం పోతుంది.

స్పోకులు. వెనక చక్రంలో, క్యాసెట్ వైపు, హబ్ దగ్గరి వంపులో తెగుతాయి. బరువు ఎక్కువై తెగాయనుకుంటారు, చాలాసార్లు అసలు కారణం బిగుతు చాలకపోవడం. వదులుగా ఉన్న స్పోకు ప్రతి చుట్టులోనూ సడలి బిగుస్తుంది, తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టు అదే చోట అలసిపోతుంది. చెయ్యి తిరిగిన వీల్ బిల్డర్ (చక్రాలు కట్టే మెకానిక్) దగ్గర బిగుతు సమానం చేయించి, 300 కి.మీ. తిరిగాక మళ్ళీ చూపించండి. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ ఈ నాలుగింటికీ పొడవులు వేరుగా ఉండొచ్చు. కొలిపించి రెండేసి కొని, సీటు పోస్టు లోపల గుడ్డ చుట్టి పెట్టుకోండి. కుడి వైపుది వెయ్యాలంటే క్యాసెట్ ఊడాలి, అది దారిలో కష్టం. అందుకని తాడుతో చేసే అత్యవసర స్పోకు ఒకటి పెట్టుకుంటే క్యాసెట్ తీయకుండానే రిమ్ బెండ్ చాలావరకు సరిచేసుకోవచ్చు.


బెజవాడ పెడల్

స్పోక్‌కీ గారూ, స్కేలుతో కొలిచాను. 24 లింకులకు 306.5 వచ్చింది. అంటే హద్దు కాస్త దాటింది. ఇప్పుడు కొత్త చైన్ వేస్తే సరిపోతుందా, క్యాసెట్ కూడా మార్చాలా? క్లీట్లు (బూటును పెడల్‌కు పట్టి ఉంచే బిళ్ళలు) కూడా 4,000 కి.మీ. నాటివే, ప్లాస్టిక్ మూడు బోల్టులవి.


స్పోక్‌కీ

306.5 అంటే క్యాసెట్ బతికే ఉండొచ్చు, కానీ కంటితో చూసి చెప్పలేం. కొత్త చైన్ వేసి, మీరు రోజూ ఎక్కువగా వాడే మధ్య పళ్ళ మీద, అంటే 15, 17, 19 పళ్ళ చక్రాల మీద పెట్టి, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కుతూ నిలబడి బలంగా తొక్కండి. చైన్ ఒక్కసారైనా పన్ను మీంచి జారి టకీమని ఎగిరిందంటే ఆ పళ్ళ చక్రం అయిపోయినట్టు. పెద్ద పళ్ళ చక్రాల మీద పరీక్షిస్తే ఏమీ తెలియదు, అవి అంతగా అరగవు. ట్రాఫిక్ లేని చోట చెయ్యండి, జారినప్పుడు మోకాలు స్టెమ్‌కు తగులుతుంది.

జారకపోయినా ఈ ప్రయాణానికి నేనైతే కొత్త క్యాసెట్‌తోనే పంపుతాను. ఢిల్లీలో మరో కొత్త చైన్ వేస్తున్నారు. సగం అరిగిన క్యాసెట్ ఆ రోజు దాన్ని ఒప్పుకోకపోతే అప్పటికప్పుడు అదే పళ్ళ లెక్క ఉన్న క్యాసెట్ వెతుక్కోవాలి. పాతది ఇంటి దగ్గర ట్రైనింగ్‌కి పాత చైన్‌తోనే వాడుకోండి, ఆ రెండూ కలిసి అరిగాయి కాబట్టి కలిసి ఇంకా కొంత కాలం నడుస్తాయి. ఇంకొక మాట: 11 స్పీడ్ క్విక్ లింకులు చాలావరకు ఒక్కసారి బిగించడానికే. తీసినదాన్నే మళ్ళీ వెయ్యకుండా ప్యాకెట్ మీద చూడండి.

బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే బేరింగులు) కూడా ఇప్పుడే పరీక్షించండి. చైన్‌ను లోపలికి జార్చేసి క్రాంకును ఒట్టిగా తిప్పితే గరగరమన్నా, పక్కకు ఊపితే కదిలినా కొత్తది వేయించండి. అది దారిలో చేయించుకునే పని కాదు.


వైజాగ్ బ్రెవే

ప్లాస్టిక్ క్లీట్లతో ఈ దారి వద్దు తమ్ముడూ. ధాబాలు, బంకులు, రూము మెట్లు, రోజుకు ఎన్నిసార్లు నడుస్తావో లెక్కపెట్టు. తొక్కడం కన్నా నడకే వాటిని తినేస్తుంది. రెండు బోల్టుల ఇనుప ఎస్పీడీ క్లీట్లు, అవి సోలు లోపలికి దిగి ఉండే బూట్లు తీసుకో. అయితే ఇప్పుడే మారు, కనీసం నెల ముందు, 1,000 కి.మీ. అయినా వాటితో తొక్కు. మోకాళ్ళు కొత్త కోణానికి అలవాటు పడటానికి ఆ మాత్రం పడుతుంది. కుదిరాక క్లీట్ చుట్టూ పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసుకో. బోల్టు వదులై జరిగినా, మార్చాల్సి వచ్చినా, 4 మి.మీ. ఆలెన్ కీతో అదే గీతలోకి తెచ్చి బిగిస్తావు. రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా మూడో రోజుకు మోకాలే చెప్తుంది.

షార్టులు మూడు. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతికి ఆరేసింది, ఒకటి పొడిగా సంచిలో. పూర్తిగా ఆరని షార్టు వేసుకుని 245 కి.మీ. కూర్చుంటే చర్మం రేగుతుంది, పుండైతే సైకిల్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. లోపలి మెత్త నొక్కితే తిరిగి లేవడం మానేసిన షార్టు ఇంట్లోనే వదిలేయి. సీటు మాత్రం మార్చకు.

ఇక బోల్టులు. సామాను ర్యాకు, బాటిల్ కేజ్, రెండూ చాలా ఫ్రేముల్లో ఎం5వే. నీలం థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) వేసి బిగించి, నాలుగు అదనంగా పెట్టుకో. రోజూ పొద్దున్నే ఆలెన్ కీతో ఒక్కొక్కటీ తాకి చూడటం రెండు నిమిషాల పని. ర్యాకు కింది బోల్టు ఒకటి రాలితే రెండోదాని మీద బరువంతా పడి అది ఫ్రేము లోపలే విరుగుతుంది. విరిగిన ముక్కను డ్రిల్లు పెట్టి తీయాలి. కుడి వైపు బోల్టు కొన్ని సైకిళ్ళలో లోపలికి పొడుచుకొచ్చి చిన్న పళ్ళ చక్రం మీది చైన్‌కు తగులుతుంది. బిగించాక గేరు 11 పళ్ళదాని మీద పెట్టి ఒకసారి తిప్పి చూడు, తగిలితే ఒక వాషర్ వెయ్యి.